పేరు పెట్టలేని జబ్బు

నవంబరు పన్నెండు. ఆ రోజు ఆస్పత్రి క్యాంటీన్లో కళ్ళజోళ్ళ షాపులాయనా, ఆయన భార్యా తిన్నది రొట్టె, ఉప్పు తగలని ఆమ్లెట్. అంతకు కాసేపటి ముందే పైన ఇంకో డాక్టరు చేతులెత్తేసి, "ఇది ఫలానా అని పేరు పెట్టలేకపోతున్నామమ్మా" అన్నాడు. కళ్ళజోళ్ళాయన ముద్ద మింగలేకపోతుంటే భార్య నవ్వింది.

"నా వంటకి మీరు పేరు పెట్టలేరు, నా జబ్బుకి వీళ్ళు పేరు పెట్టలేరు. నా జాతకమే అంత!"

ఆ ఆమ్లెట్‌కి మాత్రం ప్లేటు ఖాళీ అయ్యేదాకా పేర్లు పెడుతూనే ఉంది.

ఆమె పోయిన ఏడాదికి, ల్యాబులో దాచిన ఆమె రక్తంలోంచే ఆ జబ్బుకి పేరు దొరికింది. నోరు తిరగని పేరు. ఆయన స్నానం చేస్తూ కూడా వల్లించి దాన్ని నేర్చుకున్నాడు. మూడు వీధుల్లో ఉన్న కళ్ళజోళ్ళ షాపులు అమ్మేసి, మెడికల్ కాలేజీలో భార్య పేరిట ఒక ఆచార్య పీఠం పెట్టించాడు. అసలు సొమ్ము ముట్టుకోకుండా, దాని మీద వచ్చే వడ్డీతో అక్కడ ఎప్పటికీ ఒక ప్రొఫెసరు పరిశోధన చేస్తూ ఉండాలి. షరతు ఒక్కటే. ఆ ఒక్క జబ్బు మీదే చేయాలి.

"చివర్లో అక్క పీట మీదే కూర్చోలేకపోయేది, ఇప్పుడు పీఠం ఎక్కిస్తున్నావా బావా!" అన్నాడు బావమరిది.

పీఠానికి ఎంపికైన డాక్టరమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "ఆ ఒక్కటే అంటే నేను రాలేనండీ. నా దగ్గరకొచ్చే పిల్లల్లో సగం మందికి జబ్బేమిటో ఇంకా తేలనే లేదు."

"గుంపులో కలిపేస్తే మా ఆవిడ కనబడదమ్మా."

"ఒక సాయంత్రం వచ్చి చూడండి. ఆ తర్వాత కూడా వద్దంటే వద్దు."

ఆయన బావమరిదిని వెంటబెట్టుకుని వెళ్ళాడు. డాక్టరమ్మ గది బయట బల్ల మీద ఒక తల్లి, ఆరేళ్ళ కూతురు కూర్చుని ఉన్నారు. పిల్ల కళ్ళజోడు మాటిమాటికీ ముక్కు చివరికి జారిపోతోంది. ఆయన చెయ్యి ఊరుకోలేదు. జోడు అడిగి తీసుకుని, కాడని అరచేతుల మధ్య కాసేపు వెచ్చచేసి, చెవి దగ్గర కొద్దిగా వంచి పెట్టాడు. ఇక అది జారలేదు.

"తాతా, నీదీ వంకరగానే ఉంది" అంది పిల్ల.

"వైద్యుడి రోగం వైద్యుడికి కనబడదే తల్లీ" అని నవ్వి, తల్లి వైపు తిరిగాడు. "ఏం జబ్బమ్మా?"

"ఏమని చెప్పను బాబాయిగారూ? ఇంకా పేరు పెట్టలేదు."

"నాకు పేరుంది. జబ్బుకే లేదు" అని సరిదిద్దింది పిల్ల.

ఆయన అలాగే నిలబడిపోయాడు. ఉప్పులేని ఆమ్లెట్ ముందు భార్య నవ్విన నవ్వు మళ్ళీ వినిపించింది. ఇన్నాళ్ళూ ఈ సంగతి ఎలా తట్టలేదు?

తల్లీకూతుళ్ళు లోపలికి వెళ్ళొచ్చాక ఆయన బావమరిదితో కలిసి గదిలోకి వెళ్ళాడు.

"అమ్మా, షరతులో 'ఆ ఒక్క జబ్బు మీదే' అన్న మాట తీయించేస్తాను."

"ఏమైందండీ?"

"అది ఉంటే మా ఆవిడకే ఈ గదిలో చోటు లేదు. బతికున్నన్నాళ్ళూ ఆవిడ జబ్బుకి పేరెక్కడిది? తనని కూడా ఆ బల్ల మీదినుంచే పంపేసేవాళ్ళు."

డాక్టరమ్మ ఆయనకి మంచినీళ్ళు పోసి ఇచ్చి, "అయితే వస్తానండీ" అంది.

"మొత్తానికి ఎవరూ పేరు పెట్టలేని మాట చెప్పావు బావా" అన్నాడు బావమరిది, కళ్ళు తుడుచుకుంటూ.

ముగ్గురూ బయటికి వచ్చేసరికి తండ్రి బండి కోసం ఎదురుచూస్తూ బల్ల మీద తల్లి ఒళ్ళోనే పిల్ల నిద్రపోయింది. కళ్ళజోడు ముక్కు మీదే కుదురుగా ఉంది. డాక్టరమ్మ దీపం ఆర్పి, చప్పుడు కాకుండా గడియని వేలితో పట్టి ఉంచి, తలుపు మెల్లగా దగ్గరికి లాగింది.