గాలయ్య ముడి

శామీర్‌పేట బెస్తవాడలో ఒక మాట ఉండేది. బేరం కుదిరినా, ఎవరైనా మాట ఇచ్చినా, ఇక దానికి తిరుగు లేదని చెప్పాలంటే "గాలయ్య ముడి" అనేవాళ్లు. గాలయ్య వేసిన ముడి దారం తెగితే తెగాలి గానీ తనంతట తాను ఊడదు. ఆ మనిషికి అంతకు మించిన ఆస్తి కూడా లేదు. ఒక గుడిసె, రెండు వలలు, ఐలమ్మ అనే ఒక్క బిడ్డ.

ఐలమ్మను బొల్లారం దండులో తెల్లదొర బంగళా తోట చూసే మైసయ్యకు ఇచ్చాడు. ఊరి నుంచి నాలుగు కోసులు. తెల్లవారి సద్ది కట్టుకొని బయల్దేరితే మధ్యాహ్నానికి చేరవచ్చు. అయినా అది పరదేశమే. సుంకం నాకా దాటితే నిజాం సర్కారు కాదు, ఇంగ్రేజోళ్ల ఇలాఖా. ఇక్కడి సిక్కా అక్కడ చెల్లదు, అక్కడి మాట ఇక్కడ అర్థం కాదు. "మా బిడ్డ సీమల ఉంటది" అని గాలయ్య పెళ్లాం శంకరమ్మ చేపల గంప దించి మరీ చెప్పేది.

పెళ్లయి ఏడేళ్లయినా ఆ ఇద్దరూ బిడ్డ ఇంట్లో మెతుకు ముట్టలేదు. కూతురికి కాన్పయ్యేదాకా కన్నవాళ్లు ఆమె ఇంట తినకూడదని కట్టుబాటు. చూడటానికి వచ్చినా, తెచ్చుకున్న జొన్నరొట్టె చెట్టు కింద తిని లేచిపోయేవాళ్లు. జర్మనీ లడాయి నడుస్తున్న రోజుల్లో, ఏడో ఏట, ఐలమ్మకు ఆడపిల్ల పుట్టింది. పిల్ల బోర్లపడటం మొదలుపెట్టగానే మైసయ్య స్వయంగా శామీర్‌పేట వెళ్లి పిలిచాడు.

"మామా, శనివారమే వచ్చి ఉండుండ్రి. ఆదివారం నాకు సుట్టి. మీ కాళ్లు గడిగి బువ్వ పెడ్త."

శనివారం ఎండవేళ దిగారు. గాలయ్య నెత్తిన తడిబట్ట కట్టిన కుండ, కుండలో పాణమున్న కొర్రమట్టలు ఐదు. నాకా దగ్గర జవాను బట్ట ఎత్తి తొంగిచూస్తే ఒకటి తోకతో కొట్టి వాడి మీసాలు తడిపిందట. అది చెప్పి చెప్పి నవ్వాడు ముసలాయన.

"రేపటిదాంక కుండ నీడకుంచు బిడ్డా. రెండు పూటల నీళ్లు మార్చు. పాణంతోనున్న చేపనే పులుసుకు రుచి."

"నువ్వు తెచ్చినవంటె చచ్చిందైన లేచి కూసుంటది తియ్యి" అంది ఐలమ్మ. అన్నది గానీ, లోపల చిరాకు పడింది. ఏడేళ్లుగా ఒంటి నుంచి చెరువు వాసన వదిలించుకున్న మనిషి. పక్క ఇళ్ల నౌకర్లకు తన పుట్టింటివాళ్లది సేద్యమని చెప్పుకుంది కూడా.

సాయంత్రానికి బంగళా వంటమనిషి గఫూర్ ముక్కు మూసుకొని వచ్చాడు. మేడ్చల్‌వాడు, నోరు పెద్దది గానీ మనసు చెడ్డది కాదు.

"ఏంది ఐలమ్మా గీ వాసన? మేంసాబు ముక్కుకు తగిలిందనుకో, నా నౌకరీ, నీ మొగని నౌకరీ ఒక్క దెబ్బకు ఖతం. జల్దీ ఏదన్న జెయ్యి!"

నీళ్లు మార్చాలంటే నల్లా దగ్గర వంతు రావాలి. తండ్రి మనవరాలిని ఒళ్లో వేసుకొని వేపచెట్టు కింద కునుకుతున్నాడు. ఐలమ్మ అటూ ఇటూ చూసింది. బంగళా ముందు తామరల తొట్టి ఉంది. అందులో మేంసాబు బొంబాయి నుంచి సీసాలో తెప్పించుకున్న ఎర్రచేపలు, వేలెడేసి ఉంటాయి. బెస్తపిల్లకు కొర్రమట్ట సంగతి తెలియక కాదు, చిన్నచేపను చూస్తే ఆగదు. అయితే దారానికి గుచ్చి కట్టిన చేప ఎక్కడికి పోతుంది? ఒక్క రాత్రే గదా అనుకుంది. ఐదింటి పెదవులకూ దారం ఎక్కించి, కొస తొట్టి పైపుకు కట్టింది. రెండు చుట్లు, ఒక మెలిక, కొస లోపలి నుంచి తియ్యాలి. చిన్నప్పుడు తండ్రి ఒళ్లో కూర్చొని నేర్చుకున్నదే. కానీ ఏడేళ్లుగా ఆ చేతులు బట్టల మూటలు తప్ప ఏమీ కట్టలేదు. పైగా గఫూర్ చూస్తాడని తొందర.

ఆదివారం పొద్దున బియ్యం ఎసట్లో పడ్డాయి, చింతపండు నానుతోంది. అప్పుడే మేంసాబు కేక. వెళ్లి చూస్తే తొట్టిలో ఎర్రచేప ఒక్కటి లేదు. తామరాకుల కింద నల్లగా, నిమ్మళంగా, ఐదు కొర్రమట్టలు.

తొట్టి చూసుకోవడం మైసయ్య జిమ్మా. అతడు చేతులు కట్టుకొని నిలబడ్డాడు. "నాకెరుక లేదు మేంసాబ్, పిల్ల మీద ఒట్టు" అంటున్నాడు. మేంసాబు మాటలు అర్థం కాలేదు గానీ, గేటు వైపు చూపిస్తున్న వేలు అందరికీ అర్థమైంది. ఐలమ్మ పిల్లను గట్టిగా పట్టుకుంది. నోరు తెరిస్తే ఇల్లు పోతుంది. తెరవలేదు.

గాలయ్య తొట్టి అంచున గొంతుక్కూర్చొని నీళ్లలో తేలుతున్న దారం తీశాడు. సగం విడిన ముడిని వేళ్ల మధ్య తిప్పి చూశాడు. మెలిక తిరగబడింది. ఒక్కసారి కూతురి వైపు చూశాడు. లేచాడు.

"గఫూర్ సాబ్, అమ్మకు జెప్పు. నేనే కట్టిన. ముసల్తనం, ముడి ఊడింది. అల్లునికేం దెల్వదు."

శంకరమ్మ గిరుక్కున మొగుడి వైపు తిరిగింది. ఆ మనిషి ముడి ఊడిందంటే నమ్మేది కాదు. కానీ అతని ముఖం చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అల్లుడి నౌకరీ నిలబడింది. ముసలివాళ్లు మాత్రం ఆ క్షణమే కాంపౌండు దాటాలని, ఇకమీదట నౌకర్ల ఇళ్లకు చుట్టాలెవరూ రాకూడదని హుకుం అయింది. భయం దిగగానే మైసయ్యకు కోపం ఎక్కింది.

"గిన్నేండ్లు చెరువు దిక్కు బతికినోనివి, గంత తెల్వదా మామా? గిది పరదేశం! మీ బెస్తవాడ అనుకున్నవా?"

"నిజమే అల్లుడా, తప్పయింది" అన్నాడు గాలయ్య.

ఇంట్లో అన్నం ఉడికిన వాసన వస్తోంది. "రెండు ముద్దలన్న తిని పోండ్రి" అంది ఐలమ్మ.

"ఎల్లగొట్టినంక తింటె అది బువ్వ గాదు బిడ్డా, బిచ్చం" అన్నాడు తండ్రి. అని, పిల్ల బుగ్గ నిమిరి నవ్వాడు.

ఐలమ్మ నాకా దాకా వెంట నడిచింది. అక్కడ అనబోయింది, "నాయినా, గా ముడి..."

"నోర్ముయ్యి. నీ మొగనికి తెలిస్తె జన్మంత అంటడు. నాకేమైతది? చెరువుల చేపలు నా పేరడిగి వలల వడ్తయా? మీరే రాండ్రి ఊరికి. పులుసు గాడనే తిందం."

ఊరికి పోయి ఊరుకోలేదు ఆయన. ఎవరి నోటనైనా బిడ్డ పేరు వస్తుందేమోనని, మేడ్చల్ అంగట్లో కథ తానే మొదలుపెట్టాడు. "మేంసాబు చేపలను నా చేపలు మింగినయి, నా ముడి గట్లయింది మరి!" అని నవ్వించాడు. జనం నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ పాతమాటను తిరగేశారు. ఎవరి బేరం చెడినా, ఎవరి పంచె జారినా "గాలయ్య ముడి" అనసాగారు. వలలు కట్టించుకోవడానికి వచ్చేవాళ్లు మెల్లగా తగ్గారు.

ఐలమ్మ వచ్చే నెల పోదామనుకుంది. పిల్లకు జ్వరం వచ్చింది. ఆ పై నెల మైసయ్యకు సుట్టి దొరకలేదు. అనుకుంటూ ఉండగానే ఏడాది తిరిగింది, గాలయ్యకు చలిజ్వరం వచ్చిందని కబురొచ్చింది. ఆమె వెళ్లేసరికి వాకిట్లో పాడె కడుతున్నారు.

తెల్లదొరలు వెళ్లిపోయాక బంగళా మూతపడింది. మైసయ్య పెళ్లాం బిడ్డలతో శామీర్‌పేటకే వచ్చి చేరాడు. ఒకనాడు చెరువుకట్ట మీద వాడలోని ఆడవాళ్లు చేపలు గుచ్చుతుంటే రుక్కమ్మ కోడలి చేతిలో దారం విడి చేపలన్నీ మట్టిలో పడ్డాయి.

"ఏందే, గాలయ్య ముడి ఏసినవా?" అంది రుక్కమ్మ. అందరూ ఘొల్లుమన్నారు.

ఐలమ్మ చేతిలో కత్తి ఆగింది. "గా ముడి మా నాయినది గాదు. నేనేసిన. నా సంసారం నిలవాలని తన మీదేసుకుండు."

ముసలి నర్సమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"సూడుండ్రే, కడుపున పుట్టిన బిడ్డంటె గిట్లుండాలె. సచ్చిన తండ్రి తప్పును తన నెత్తి మీద వెట్టుకుంటాంది."

"నిజమే జెప్తున్న అవ్వా! నేనే కట్టిన!"

"నిజమే బిడ్డా, నిజమే" అని నర్సమ్మ ఆమె తల నిమిరింది. "నీసొంటి బిడ్డను కన్నడు, గాలయ్య పుణ్యాత్ముడు."

ఆ రోజు నుంచి వాడలో ఆడపిల్లలకు బుద్ధి చెప్పాలంటే ఐలమ్మను చూపించేవాళ్లు. చూపించినప్పుడల్లా ఆమె తల వంచుకొని చేపల పొలుసు గీకుతూ ఉండేది.