చల్లటి టైర్లలో నలభై ఎనిమిది

భానుశ్రీ సంచీలో అన్నిటికన్నా అడుగున పెట్టినవి సర్టిఫికెట్లు. వాటి మీద జూన్ నెల చలికి స్వెట్టర్లు, స్వెట్టర్ల మీద చనిపోయిన వాళ్ళమ్మ నేతచీర. మంచం అంచున కూర్చుని బట్టలు మడతపెట్టి అందిస్తున్న భ్రమరాంబ చేతులు ఆ చీర దగ్గర ఆగిపోయాయి. కోడలు నర్సుగా వెళ్తున్నది వెయ్యి కిలోమీటర్ల అవతలి బ్రోకెన్ హిల్ ఆస్పత్రికి, పదమూడు వారాల కాంట్రాక్టు మీద. అక్కడ అద్దె ఇళ్ళు దొరకడం కష్టమని, రెండేళ్ళ క్రితం కొడుకు వంశీధర్ సరదాపడి కొని రెండుసార్లు మాత్రం వాడిన క్యారవాన్‌ను, ఆ చక్రాల మీది ఇంటిని, తన కారు వెనక తగిలించుకుని వెళ్తోంది. పదమూడు వారాలకు వెళ్ళే మనిషికి తల్లి చీరతో ఏం పని?

భ్రమరాంబ చీరను సంచీలో సర్ది జిప్పు లాగింది. సంచీకి కొక్కెం త్రాసు తగిలించి ఎత్తి, "పద్నాలుగున్నర" అని కాగితం మీద రాసుకుంది.

ఆ త్రాసు ఇంట్లో ఆమెదే. ఇండియా ప్రయాణం ఎవరిదైనా, పెట్టె ఇరవై మూడు కిలోలు దాటకుండా చూడడం ఆమె పని. తాముండే వెస్ట్‌మీడ్ చుట్టుపక్కల తెలుగువాళ్ళ పెట్టెలు ఎన్ని ఎత్తిందో లెక్కలేదు. ఎత్తిన ప్రతి పెట్టె వెనకా ఒక వీడ్కోలు ఉండేది. మళ్ళీ చూస్తానో లేదో అనే గుబులు ఉండేది. అంకె వేసి రాసుకుంటే ఆ గుబులు కాస్త సర్దుకునేది. భర్త దాసు బతికున్న రోజుల్లో "మా ఆవిడకి చదువు రాదు గానీ చెయ్యి మాత్రం కాటా" అని పదిమందిలో నవ్వించేవాడు. చదువు రాదన్నది అబద్ధం. ఐదో తరగతితో ఆగిన చదువును ఆమె మందు సీసాల మీదా, బిస్కెట్ పొట్లాల మీదా, లైబ్రరీలో చిన్నపిల్లల పుస్తకాల మీదా కూడబలుక్కుంటూ ఇంగ్లీషులోకి లాక్కొచ్చింది. పిరికిదాని చదువు అది. ఏ కాగితంలో ఏ ప్రమాదం రాసుందోనని ఏదీ వదలకుండా చదివేది.

ఆ వారమంతా ఆమె క్యారవాన్ పుస్తకమూ, టైరు కంపెనీ వాళ్ళ పట్టికా చదివింది. చదివి ఆశ్చర్యపోయింది. రెండున్నర టన్నుల ఇంటిని మోసేది రబ్బరు కాదట, లోపలున్న గాలట! బరువు ఎంతో తెలిస్తే గాని ఎంత గాలి పెట్టాలో తెలియదు. తక్కువ పెడితే టైరు పక్కలు నలిగి, వేడెక్కి, నడిదారిలో పేలిపోతుంది. కొలిచేది కూడా పొద్దున్నే, చక్రం కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే. పరుగెత్తిన టైరులో గాలి పొంగి అంకెను పెంచి చూపిస్తుంది. కంటికి కనపడదు, ఎవరూ తలుచుకోరు, ఇంత మోస్తుందా అనుకుంటూ భ్రమరాంబ వాకిట్లో ఆ నల్లటి టైరు మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడిపోయింది.

అలా నిలబడితే కోడలు ఈ ఇంటికొచ్చిన పదకొండేళ్ళూ కళ్ళముందు తిరిగాయి. పెరట్లో బార్బెక్యూకి స్నేహితులు వచ్చినప్పుడల్లా వంశీధర్ అనేవాడు: "మా ఇంట్లో పేషెంట్లది ఎమర్జెన్సీ, మొగుడిది వెయిటింగ్ లిస్ట్." అందరూ నవ్వేవాళ్ళు. ప్లేట్లు తీస్తూ భానుశ్రీ కూడా నవ్వేది. "నీది నిలబడి చేసే జాబ్ భానూ, మాది బ్రెయిన్‌తో చేసేది" అని ఇంకోసారి. కొడుకును అని ఏం లాభం? పద్నాలుగు గంటల డ్యూటీ చేసొచ్చి గుమ్మంలో బూట్లు విప్పుతున్న పిల్లతో, "పిల్లాడు ఆకలితో కూర్చున్నాడమ్మా" అన్నది తనే. పిల్లాడికి అప్పటికి నలభై ఒకటి. భానుశ్రీ రెండో బూటు విప్పకుండానే వెళ్ళి కుక్కరు పెట్టింది. ఒక కాలు బూటుతో, ఒక కాలు ఉత్తగా వంటింట్లో తిరిగిన ఆ చప్పుడు భ్రమరాంబకి ఇప్పటికీ వినిపిస్తుంది.

శుక్రవారం సాయంత్రానికి సామానంతా ఎక్కింది. నీళ్ళ ట్యాంకులతో కలిపి కూడితే నాలుగు వందల డెబ్బై కిలోలు. వంశీధర్ మాత్రం కొన్న కొత్తలో ఖాళీ క్యారవాన్‌ను తూయించి, ఆ బరువుకి సరిపడా గాలి ముప్పై ఎనిమిది పాయింట్లు అని చక్రం పైన మార్కరుతో రాసిపెట్టాడు. ఇప్పుడు పట్టిక ప్రకారం నలభై ఎనిమిది కావాలి. ఆ సంగతి తెలిసింది భ్రమరాంబ ఒక్కదానికే. చెప్పాలంటే బరువు చెప్పాలి, బరువు చెబితే పిల్ల తిరిగిరాదన్న సంగతి బయటపడుతుంది. వాడు ఆపేస్తే? చెప్పకపోతే మాత్రం ఏమవుతుంది, దారిలో ఏ లిత్‌గో ఊరి దగ్గరో ఒక టైరు పోతుంది, పిల్ల ఇంటికి వచ్చేస్తుంది... ఆ ఆలోచన తనకే వచ్చినందుకు ఆమె చెంపలు వేసుకుంది.

శనివారం పొద్దున్నే, చలి ఇంకా విడవకముందే, వంశీధర్ నాలుగు టైర్లకీ గాలి కొలిచే గేజి ఆనించి చూశాడు. "థర్టీ ఎయిట్, ఆల్ ఫోర్. పర్ఫెక్ట్. ఇంకేం ముట్టుకోకు భానూ."

భానుశ్రీ తలూపి కారు తలుపు తెరిచింది.

"చాలదురా" అంది భ్రమరాంబ.

"ఏం చాలదమ్మా? పులిహోరా?"

"గాలి. నలభై ఎనిమిది పెట్టాలి."

వంశీధర్ పకపకా నవ్వాడు. "వేబ్రిడ్జి మీద తూయించానమ్మా. ఇది ఇంజనీరింగ్, నీ ఆవకాయ జాడీ కాదు."

"అప్పుడు ఖాళీగా తూయించావు."

"కిచెన్ సామాను కూడా లోడేనా? నాలుగు గిన్నెలు, రెండు దుప్పట్లు. దట్స్ నథింగ్."

భ్రమరాంబ రవికెలోంచి కాగితం తీసి అతని చేతిలో పెట్టింది. "నీళ్ళతో కలిపి నాలుగొందల డెబ్బై. ప్రతి సంచీ నేనే ఎత్తాను."

అతను నవ్వుతూనే చదవడం మొదలుపెట్టాడు. పుస్తకాలు అరవై రెండు. కుట్టుమిషను పన్నెండు. ఎండాకాలం బట్టలు పద్దెనిమిది. అక్కడ నవ్వు ఆగిపోయింది. "ఈ వింటర్లో థర్టీన్ వీక్స్‌కి సమ్మర్ బట్టలేంటి? ఇంత సామానేంటి?"

భానుశ్రీ కారు తలుపు పిడి వదల్లేదు.

"పదమూడు వారాలకి కాదురా" అంది భ్రమరాంబ.

"భానూ, ఏమంటోంది అమ్మ?"

భానుశ్రీ అత్తగారి వంక చూసింది. ఆ కళ్ళలో భయం వచ్చింది, వెళ్ళిపోయింది. "అత్తయ్య తూకం ఎప్పుడూ తప్పు రాలేదు వంశీ" అంది.

అతను తల్లివైపు తిరిగాడు. "నువ్వు నాకు అమ్మవా, దానికి అమ్మవా?"

"ముందు టైర్ల సంగతి చూడనియ్యి" అంది భ్రమరాంబ. ఆ గొంతు తనదేనా అని ఆమెకే అనుమానం వచ్చింది. వంశీధర్ గేజిని మెట్టు మీద పడేసి లోపలికి వెళ్ళిపోయాడు.

భానుశ్రీ చిన్న పంపును కారు బ్యాటరీకి తగిలించింది. భ్రమరాంబ గొట్టం పట్టుకుంది. గరగరమంటూ గాలి ఎక్కింది. నలభై ఒకటి, నలభై నాలుగు. నేలకి అతుక్కుపోయినట్టున్న టైరు పొట్ట మెల్లగా బిగిసింది. వేలెడంత కూడా కాదు, వెంట్రుకవాసి లేచింది క్యారవాను. పుస్తకాలు, మిషను, నీళ్ళు, పదకొండేళ్ళు, అన్నీ కలిసి తన కళ్ళముందే పైకి లేచాయి. చేతిలో గొట్టం వణుకుతుంటే, ఇదొక బతికున్న ప్రాణి అనిపించి భ్రమరాంబ కళ్ళార్పలేదు. నలభై ఎనిమిది.

"మీరూ రండత్తయ్యా" అంది భానుశ్రీ నాలుగో టైరుకి మూత బిగిస్తూ.

"నేనెక్కితే ఇంకో అరవై కిలోలు. మళ్ళీ పట్టిక చూడాలి, పోవే" అంది భ్రమరాంబ. ఇద్దరూ నవ్వారు, ఇద్దరికీ కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది.

తర్వాత ఆ సన్నటి పిల్ల, అంత పెద్ద ఇంటిని వెనక తగిలించుకుని, సందులాంటి వాకిట్లోంచి గోడకి గీత పడకుండా వీధి మలుపు తిప్పింది. భ్రమరాంబ మెట్టు మీద పడున్న గేజిని తీసి కొంగుతో తుడిచింది.

కాంట్రాక్టు పదమూడు వారాలు రెండువేల ఇరవై మూడు సెప్టెంబరు పదహారున పూర్తయ్యాయి. భానుశ్రీ తిరిగి రాలేదు.