లాగే గొంతు

మిరపకాయల తోలు వలవడం స్టోయ్నాకి ఇష్టమైన పనేం కాదు. ఎర్రగా పండిన పెద్ద మిరపకాయల్ని నిప్పుల మీద నల్లగా కాల్చాలి, మూత పెట్టి కాసేపు మగ్గనివ్వాలి, ఆ తర్వాత వేళ్లు చుర్రుమంటున్నా ఒక్కొక్కటీ వలవాలి. కొండ మీది పచ్చిక మైదానంలో, పాటల పండగకి వచ్చినవాళ్ల గుడారాల ముందు, పొద్దున్నుంచీ ప్రతి పొయ్యి దగ్గరా ఎవరో ఒక ఆడమనిషి ఇదే పని చేస్తోంది. మగవాళ్లు చెట్ల నీడన వాయిద్యాలు సరిచేసుకుంటున్నారు. ఆ సరిచేసుకోవడంలో సగం సారా తాగడమే.

"మాడ్చకు," అన్నాడు ఆమె భర్త లూబెన్ అటుగా పోతూ. మాడకపోతే తోలు ఊడదని ఇన్నేళ్లుగా తింటున్నవాడికి తెలియదు.

నిన్న గుడారం వేసింది స్టోయ్నానే. గాలి పరుపు ఊదింది కూడా ఆమే, పడుకుంది మాత్రం అతను. "తిత్తి ఊదేవాడికి నడుం బాగుండాలి కదే," అన్నాడు. ఆమె గొంగడి పరుచుకుని నేలమీద పడుకుంది. తెల్లవారేముందు వాన మొదలైతే లూబెన్ లేచి, బయట గుంజకి వేలాడుతున్న తిత్తిని, గొట్టాలున్న ఆ తోలుసంచి వాయిద్యాన్ని, భద్రంగా లోపలికి తెచ్చి తమ ఇద్దరి మధ్యా పడుకోబెట్టాడు. "లేత మేక తోలు. తడిస్తే పనికిరాదు," అని ఆమెని కాస్త అవతలికి జరగమన్నాడు. ఆమె జరిగింది. ఒక భుజం గుడారం అంచు దాటి వానలో తడిసింది. తన తోలు సంగతేమిటని ఆమె అడగలేదు.

ఈ ఏడు ఆమెకి వీటిలో ఏదీ బాధగా తోచలేదు. ఈ ఏడు పాటని పిలిచేది తనే.

మా కొండల వైపు కోతల పాట రెండు గొంతుల్లో నడుస్తుంది. ఒకామె పిలుస్తుంది, పాటంతా ఆమెదే, మాటలు ఆమెవే, జనం చూసేది ఆమెనే. పక్కన నిలబడే ఆమె లాగుతుంది. అంటే ఒకే స్వరం పట్టుకుని, పాట అయ్యేదాకా వదలకుండా, కింద నేలలా పడి ఉంటుంది. స్టోయ్నా పెళ్లయి వస్తూ పుట్టింటి నుంచి అమ్మ నేర్పిన కోతల పాట ఒకటి తెచ్చుకుంది. ఈ ఇంటికి అలాంటి పాట లేదు. అత్త గీనా నెల తిరక్కుండా దాన్ని నేర్చేసుకుంది. ఆ ఏడు పండగకి బయల్దేరే రోజు స్టోయ్నా బెరుగ్గా, నేను పిలవనా అని అడిగితే, అత్త అక్కడున్న అందరికీ వినిపించేలా నవ్వి, "కోడలు పిలిస్తే అత్త లాగుతుందటే?" అంది. లూబెన్ కూడా నవ్వాడు. ఆనాటి నుంచి స్టోయ్నా తన అమ్మ పాట కిందే నేలలా పడి ఉంది. అత్త చెడ్డదని కాదు. మనసు బాగున్న రోజున, "నువ్వు లాగబట్టే నా పాట నిలబడుతోందమ్మాయ్. నువ్వు ఆపితే కూలిపోతుంది," అనేది. ఆ ఒక్క మాటని స్టోయ్నా ఎంత జాగ్రత్తగా దాచుకుందో చెబితే నవ్వుతారు. గిన్నెలు తోముతూ, గొర్రెల కొట్టం కడుగుతూ, పట్నంలో మందులు కొనుక్కొచ్చి అత్త మంచం పక్కన కూర్చుంటూ, నేను ఆపితే కూలిపోతుంది అనుకునేది. ఏమీ లేనివాళ్లకి అది కూడా ఆస్తే.

అత్త చలికాలంలో పోయింది. దినాలయ్యాక లూబెన్ తనంతట తనే, "ఇక పాట నీదే," అన్నాడు. పిలిచే ఆడవాళ్లు కట్టే అత్తగారి ఎర్ర ఏప్రన్‌ని స్టోయ్నా పెట్టెలోంచి తీసి, తన నడుముకి సరిపోయేలా కుట్లు విప్పి వదులు చేసుకుంది.

మిరపకాయలు సగం అయ్యాయో లేదో లూబెన్ మళ్లీ వచ్చాడు. పక్కన అతని చెల్లెలి కూతురు రాలిత్సా, పట్నంలో సంగీతం చదువుతున్న పిల్ల.

"అమ్మ ఏప్రన్ ఎక్కడ పెట్టావ్? ఇది కట్టుకుంటుంది. నడుం దగ్గర కాస్త బిగించి ఇవ్వు."

స్టోయ్నా చేతిలో వలుస్తున్న మిరపకాయ అలాగే ఉండిపోయింది. "పాట నాదే అన్నావు."

"అన్నాను. కానీ చూడు, వినేవాళ్లకి వయసు గొంతు కావాలి. పైగా నువ్వు పిలిస్తే లాగేదెవరు? ఇది లాగలేదు, దీనికి ఆ ఓపిక లేదు. నీలా లాగేవాళ్లు ఈ కొండల్లోనే లేరు."

"నీకేం ఇబ్బంది లేదు కదా అత్తా?" అంది రాలిత్సా. మంచి పిల్లే.

వయసులో ఉన్నప్పుడు పెద్దవాళ్లు పిలవాలన్నారు. పెద్దదయ్యాక వయసువాళ్లు పిలవాలంటున్నారు. ఈ రెండింటి మధ్యా తన వంతు ఏ రోజున వచ్చి పోయిందో, ఆ రోజు తను ఏ అంట్లు తోముతోందో స్టోయ్నాకి ఎంత వెతికినా దొరకలేదు. చేతులు కడుక్కుని సూది తెచ్చుకుంది. విప్పిన కుట్లే మళ్లీ వేసింది. కాలిన వేళ్లకి సూది తగిలినప్పుడల్లా కళ్లలో నీళ్లు తిరుగుతుంటే, పొగ అనుకుని లూబెన్ పొయ్యిని కాస్త దూరం జరపమన్నాడు.

వేదిక మీద ఇద్దరూ ఒకరి నడుం ఒకరు పట్టుకుని నిలబడ్డారు. వెనక లూబెన్ తిత్తిని చంకన నొక్కాడు. దాని పొడుగాటి గొట్టం ఎప్పటిలా తన ఒకే స్వరాన్ని మొదలుపెట్టింది. స్టోయ్నా అమ్మ నేర్పిన పాటని రాలిత్సా పిలిచింది. స్టోయ్నా ఊపిరి తీసుకుంది, నోరు తెరిచింది, గొంతు మాత్రం తెరవలేదు. కోపంతో కాదు. కూలిపోవడం ఒక్కసారి చూడాలనిపించింది. ఆ పిల్ల గొంతు తడబడితే, జనం మొహాలు చిట్లిస్తే, లూబెన్ ఒక్కసారి ఇటు తిరిగి చూస్తే చాలు, వెంటనే అందుకుని పాటని నిలబెడదామనుకుంది.

పాట కూలిపోలేదు. తిత్తి గొట్టం అదే స్వరాన్ని ఆమె కంటే నిబ్బరంగా, ఊపిరి కూడా మార్చుకోకుండా లాగుతూ ఉంది. చివర వేసే కేక దాకా ఏ లోటూ లేకుండా నడిచింది పాట. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. స్టోయ్నా నోరు మూసుకుంది. ఇన్నేళ్లూ తను నేలలా ఉన్నాననుకుంది. కింద వేరే నేల ఎప్పుడూ ఉంది.

"ఇవాళ నా గొంతు నాకెంత బాగా వినిపించిందో అత్తా," అని రాలిత్సా గట్టిగా కావలించుకుని, స్నేహితుల దగ్గరికి పరిగెత్తింది.

గుడారం దగ్గర లూబెన్ తిత్తిలో గాలి తీసి మడుస్తూ చాలా హుషారుగా ఉన్నాడు. "అమ్మ ఉన్నప్పుడు కూడా నువ్వింత బాగా లాగలేదే. గొంతు ఒక్క చోట వణకలేదు."

స్టోయ్నా మిగిలిన మిరపకాయల్ని ముందుకి లాక్కుంది. "నేను పాడలేదు లూబెన్. నోరు తెరిచానంతే."

అతను నవ్వాడు. "ఊరుకో. నా చెవులతో నేను విన్నాను."

ఆమె అతని వైపు చూసింది. అతను అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే విన్నాడు.

"సరే," అంది స్టోయ్నా, చల్లారిన మిరపకాయ తోలు వలుస్తూ. "ఇక మీదట కూడా అలాగే వింటూ ఉండు."