నత్తల్లో తగ్గిన కొవ్వు

మళ్ళీ అంతే, మూడోసారి తూచినా అంతే, పురుగు పట్టని నత్తల కొవ్వు పళ్ళెం అడుగున పసుపుపచ్చగా జిడ్డుగా మెరుస్తోంది, పట్టిన వాటి పళ్ళెంలో ఊదితే పోయేంత పొర తప్ప ఏమీ లేదు, రెండు తొట్లకూ క్యాబేజీ ఆకు నేనే వేశాను, ఒకే గడ్డలోంచి, మా ప్రయోగశాల పెద్ద పాన్ గారు నా భుజం మీదుగా తొంగిచూసి ఏంటమ్మా షుఫెన్, నత్తల్ని పస్తులు పెట్టావా అని నవ్వారు, లేదండీ, తిన్నాయండీ, ఈనె కూడా మిగల్చలేదు అన్నాను, ఆ మాట అంటుండగానే చెవిలో అమ్మ పాత గొంతు, నా చిన్నప్పటిది, కుండలో మాడు కూడా మిగల్చలేదే ఇది, తిన్నదంతా ఏ గోతిలో పోస్తున్నావే గుయిఝెన్, అక్కకు పదిహేడేళ్ళు, చేతులు రెల్లు పుల్లలు, పొట్ట మాత్రం ముందుకు, రేవులో ఆడవాళ్ళు ఎన్నో నెలే అని నవ్వితే గంప అడ్డం పెట్టుకుని ఇంటికొచ్చేది, ఇంకొక్క గిన్నె అమ్మా, ఆకలేస్తోంది, అమ్మ బియ్యం జాడీ ఉన్న గదికి తాళం వేసి చెవి నాకిచ్చింది, నాకు పదకొండేళ్ళు, అక్క బతిమాలింది, నేను ఇవ్వలేదు.

సూది కింద ఇంకో నత్త పగిలింది, కాలేయం ఉండాల్సిన చోట తెల్లటి పురుగు పిల్లలు మెదులుతున్నాయి, పోయాంగ్ సరస్సు ఒడ్డు బురదలో గోధుమ గింజంత నత్త, దానిలోంచి పురుగు నీళ్ళలోకి, నీళ్ళలోంచి పందులకు గడ్డి కోస్తున్న అక్క కాళ్ళలోకి, పెద్దపొట్ట జబ్బుతో పోయిందన్నారు ఊళ్ళో, తిండిపోతు అనీ అన్నారు, మొదటిది జబ్బు, రెండోది గుణం అనుకున్నాను పద్నాలుగేళ్ళుగా, పాన్ గారూ, ఒంట్లో కొవ్వంతా పురుగే లాగేస్తే ఆ ఆకలి ఎవరిదండీ అని అడిగాను, ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ నత్త నత్తే, మనిషి మనిషేనమ్మా, ముందు అంకె రాయి అన్నారు, రాశాను, అంకె వంకర పోయింది.

అమ్మకు చెప్పాలి, సాయంత్రం పడవకే వెళ్ళి చెప్పాలి, అక్కది తిండియావ కాదమ్మా, పురుగు తెచ్చిన ఆకలి అని, చెబితే అక్క మీద మచ్చ పోతుంది, కానీ జబ్బు పిల్లను తనే ఆకలితో పడుకోబెట్టిందని అమ్మకు తెలిసిపోతుంది, ఎలా చెప్పను, ఏ నోటితో, పోయిన ఆదివారం చేపా ముల్లంగీ ఉడికించి పెట్టాను, గిన్నె ఖాళీ కాగానే నేను గరిటె ఎత్తితే అమ్మ అరచేత్తో గిన్నె మూసేసింది, చాలే, ఆకలి లేదా అమ్మా అంటే ఉంది అంది, ఉంది, అంతే, లేచి గిన్నె కడుక్కుంది, అమ్మ తిండే అంత అనుకునేదాన్ని, ఎప్పటినుంచి అంత, అక్కను మట్టిలో పెట్టి వచ్చిన రోజు నుంచి, అప్పటినుంచి అమ్మ రెండో గిన్నె తినడం నేను చూడనేలేదు, నేను వెళ్ళి చెప్పాల్సిందేమీ లేదు, అమ్మకు తెలుసు, ఎప్పుడో తెలుసు.