వంపుల లెక్క

రాత్రి ఓవెన్‌లో వండిన క్యాసరోల్ గిన్నెకు అంటుకుపోయిన చీజ్‌ను లోర్నా పొద్దున్నే చెంచాతో గీకుతోంది. "ఆ ఆఫీసు కాగితం మీద సంతకమేగా, పెట్టి పారెయ్" అన్నాడు వెనకనుంచి భర్త క్రెయిగ్. "నీ పెళ్లాం గొట్టాల వంపులు పట్టుకుని వేలాడుతోందని రాండల్ నా దగ్గర మొత్తుకున్నాడు." రాండల్ ఆఫీసులో ఆమె పై అధికారి, బంతి దొర్లించి పిన్నులు పడగొట్టే బౌలింగ్ ఆటలో ఇతని జోడీ. లోర్నాకు కోపం రాలేదు. ఈమధ్య ఆమెకు ఏదీ రావడం లేదు. క్రెయిగ్ కారు అద్దం మీది మంచు కూడా గీకేసి, తన కారెక్కింది.

అయోవాలోని ఆ ఫ్యాక్టరీలో మొక్కజొన్నతో తీపి పాకం తయారవుతుంది. కొత్తగా వేస్తున్న గొట్టాలకు పంపు కొనాలి. దారి పొడుగునా వంపులు, వాల్వులు. ఒక్కోచోట ఒత్తిడి ఎంత పోతుందో రాండల్ నీళ్లకు వాడే పట్టికలోంచి ఎత్తి రాశాడు. సుళ్లు తిరుగుతూ వడిగా పోయే నీళ్లకు అది సరే. చిక్కటి పాకం పొరలు పొరలుగా, నెమ్మదిగా జారుతుంది. దాని దగ్గర అదే వంపు ఎన్నో రెట్ల ఒత్తిడి మింగేస్తుంది. లోర్నా లెక్కలో, ఆ అంకెలు చూసి కొనే పంపు సగానికి కూడా చాలదు. పాపం, తెలియదేమోనని అతనికి బొమ్మలు గీసి మరీ చెప్పింది. ఇంట్లోనూ అంతే. వంట, బట్టలు, అత్తగారి మందులు, తన ఉద్యోగం. చెబితే అర్థమవుతుందని క్రెయిగ్‌కు పెళ్లయినప్పటినుంచీ చెబుతూనే ఉంది. "అడిగితే చెయ్యనన్నానా?" అంటాడు. "ఆ మాత్రం పని అందరికీ ఉండేదేగా" అంటుంది అత్తగారు.

మీటింగులో ఇంజినీర్లందరూ కూర్చున్నాక, "లోర్నా, కాఫీ నువ్వు కలిపితేనే బావుంటుంది" అన్నాడు రాండల్. కలిపి ఇచ్చింది. అప్పుడు ఆ లెక్కల కాగితం సంతకానికి ఆమె ముందుకు తోశాడు. అంకెలు అతనివి. లెక్క కట్టినవారు అన్నచోట పేరు ఆమెది. చలికి పాకం గొట్టంలో కదలకుండా కూర్చుంటే అడిగేది ఆ పేరునే.

"ఎప్పుడూ ఇవే అంకెలు వాడతాం. నీకు చాదస్తం ఎక్కువైంది" అన్నాడు.

"అయితే నా పేరు కొట్టేసి మీ పేరు రాయండి. సంతకం మీరే పెట్టండి" అంది లోర్నా. గొంతులో విసుగు కూడా లేదు.

అందరూ కప్పుల్లోకి చూసుకున్నారు. రాండల్ పెన్ను మూత తీశాడు, మళ్లీ పెట్టాడు. "అంత తొందరేముందిలే, తర్వాత చూద్దాం" అని కాగితం వెనక్కి లాక్కున్నాడు.

లోర్నా మూత పెట్టిన ఆ పెన్ను వైపు చూసింది. ఆ అంకెలు తప్పని ఇతనికి తెలుసు. మొదటినుంచీ తెలుసు. ఆ ఆలోచన అక్కడితో ఆగలేదు, ఇంటిదాకా వెళ్లింది.

క్రెయిగ్‌కూ తెలుసు. ఇన్నేళ్లూ తను విడమరచి చెబుతూ వచ్చింది అన్నీ తెలిసినవాళ్లకే.

ఇక చెప్పదు.