వెనక్కి వచ్చిన నేరేడు రంగు చీర

ఆ పాప రాలేదా అని అడిగింది కదా సావిత్రమ్మ, తలుపు తీసి, గడప దగ్గర నిలబడిన కళావతి ముఖంలోకి సూటిగా చూస్తూనే అడిగింది, ఫోన్లో లైవు పెట్టి చీరలు చూపిస్తాదే ఆ ఎర్రపాప, ఆయమ్మే వస్తాదని పాలు గూడ పక్కన పెట్టినా, నువ్వెవరమ్మా, అంగట్లో పనిచేస్తావా అని, దానికి కళావతి ఔనమ్మా, ఆ పాపకు పనుండాది, నన్ను పంపినారు అని చెప్పేసింది, తడబడకుండా, ఎవరో పరాయిదాని గురించి చెప్పినట్టే చెప్పేసింది, ఇప్పుడు రైలు హిందూపురం వదిలి పరుగెత్తుతుంటే, ఒళ్లో సంచి, సంచిలో ఆమె వద్దని తిప్పి ఇచ్చిన పట్టుచీర, ముఖం మీద వేడిగాలి, తాను చెప్పిన ఆ అబద్ధాన్నే తిప్పితిప్పి తలుచుకుంటోంది, ఆ పాప నేనే అని ఎందుకు అనలేకపోయింది, అని ఉంటే సావిత్రమ్మ నమ్మేదా, నమ్మితే ఆ కళ్లలో మొదట కనిపించేది ఆశ్చర్యమా, జాలా, ఆ రెండింటిలో ఏది తక్కువ అవమానం.

చీరను మాత్రం వాళ్లు ఎంత శ్రద్ధగా చూశారో, కోడలు ట్యూబులైటు ఆర్పింది, పక్కింటామె చేతులు తుడుచుకుంటూ వచ్చింది, ముగ్గురూ కొంగును కిటికీ వెలుతురుకు పట్టి తిప్పితిప్పి చూశారు, మేము బుక్కు చేసింది లేత ఊదా, ఇది నేరేడుపండు, యాడుండాది ఈడ ఊదా, మేమేమన్నా గుడ్డోళ్లమా అంది సావిత్రమ్మ, కోడలు ఫోన్లో ఆ వీడియో తెరిచి చీర పక్కన పెట్టింది, కాదనడానికి వీల్లేదు, తెర మీద ఉన్నది లేత ఊదానే, కానీ ఆ లేత ఊదా కొంగును ఎత్తి పట్టుకున్న చెయ్యి పాలమీగడ రంగులో ఉంది, ఆ చేతికి ఉన్నవి తన గాజులే, మోచేతి దగ్గర నూనె చిందిన మచ్చ ఉండవలసిన చోట ఏ గుర్తూ లేని నునుపు, అప్పుడు అర్థమైంది కళావతికి, తనను తెల్లగా కడిగిన వెలుగే చీరనూ కడిగింది, నాయన అద్దిన రంగులో తప్పు లేదు, ఇన్ని రోజులుగా లేదు, యజమాని శివశంకర్ మాత్రం, ఇది మూడో చీర, ఇది గూడ వెనక్కి వస్తే మీ నాయన్ను అద్దకంలోంచి మాన్పిస్తా, ఒకసారి ఒక ముదురు, ఒకసారి ఒక లేత, ఇట్లయితే అంగడి మూసుకోవల్ల అని పొద్దున్నే అన్నాడు, లైవులో చూపిన చీర మొదట అడిగినవాళ్లకు పోతుంది, తక్కినవాళ్లకు అదే రంగు నూలుతో నేసినవి పంపుతారు, అతను చూసేదీ ఫోన్లోనే, అందుకే తరువాతి నూలు ముదిరిందని అతని లెక్క, తొట్ల దగ్గర ఆవిరిలో నిలబడి పట్టునూలు ముంచి తీసే నాయన దేవప్ప మీదికే వేలు పోతుంది, ఆ వేలు అటు పోతుంటే తాను పక్కనే ఉండి చీరలు మడతపెట్టింది.

లైవు పెట్టిన మొదటి రోజు కింద ఎవరో రాశారు, లైటు వెయ్యండి, చీర కనబడతాంది, పట్టుకున్నామె కనబడలేదని, కింద నవ్వు బొమ్మలు బారులు తీరాయి, మరునాడు శివశంకర్ గుండ్రటి లైటు తెచ్చాడు, ఫోన్లో ఫిల్టరు పెట్టి సగానికి జరిపాడు, సగం అతనిదే, మిగతా సగం జరిపిన వేలు ఎవరిది, రోజుకింత, ఎవరూ అడగకుండా, చివరిదాకా జరిపింది తానే, ముక్కు సన్నబడింది, దవడ తరిగింది, దేవతలా ఉండావక్కా అని రాశారు, ఆ మాటను రాత్రంతా చప్పరించింది, సొంతూరు గాండ్లపెంటలో చిన్నప్పుడు కూడా నల్లపాపా అనే పిలిచేవాళ్లు, కానీ అది సందులో ఇద్దరు కళావతులు ఉన్నందుకు పెట్టుకున్న గుర్తు, ఆ నలుపును జబ్బుగా నిర్ణయించినది టీవీ, కొన్ని వారాలలో తగ్గుతుందని మందు కూడా అదే చూపించింది, నల్లపిల్ల కష్టాల కథ అని ఊదరగొట్టి, నల్లపిల్ల వేషానికి తెల్లపిల్లను తెచ్చి మసి పూసింది, అంటే నల్లగా ఉండే వేషానికి కూడా నల్లటి మనిషి పనికిరాదు, అమ్మ దాసమ్మ ఆ సీరియల్ చూసి కళ్లు తుడుచుకునేది, కళావతీ తుడుచుకునేది, ఎవరి కోసం ఏడ్చారో ఇద్దరికీ తెలియదు.

పెనుకొండలో కొండ పక్కకు జరిగింది, ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగిన ఆడపిల్లలు మెడలో కార్డులతో ఎక్కారు, అదే సమయానికి నాయన ఫోను, పాపా, తిన్యావా, ఏమంటారు ఆయమ్మోళ్లు, రంగు ముదురనే అంటారా, తిన్యాలే నాయనా, వచ్చి చెప్తా, లేదులే పాపా, నాకే ఏమో అనుమానంగా ఉండాది, తొట్లో రంగు నాకు సరిగ్గానే కనపడ్తాంది, కండ్లే పోయినాయేమో, అద్దకమోనికి కండ్లు పోతే ఇంకేముండాది, రేపు ఆస్పత్రికి తోడ్కపో అన్నాడు, ఫోను పెట్టేశాక కూడా ఆ మాట చెవిలోనే ఉండిపోయింది, ఎదురు సీటు పిల్ల ముందుకు వంగింది, అక్కా, ఆ ధర్మవరం చీరల లైవులో మాట్లాడేది నువ్వేనా, అచ్చం అదే గొంతు, పక్కపిల్ల మోచేత్తో పొడిచింది, పోవే, ఆయమ్మి ఎంత ఎర్రగుంటాది, ఈ అక్క యాడ, గొంతులు కలస్తాయిలే, ఇంకా నయం, కార్లకేసినట్ల మనకూ రంగేసే మిషను పెడితే అందరం ఆయమ్మి మాదిరే వస్తుంటిమి, ఇద్దరూ పకపకా నవ్వారు, మొదటి పిల్ల నవ్వుతూనే చున్నీతో చెంప కప్పుకుంది, ఆ చెంప పొట్టు రేగి ఎర్రగా కమిలి ఉంది, ఏమాయ పాపా అని అడిగింది కళావతి, క్రీమక్కా, ఆయమ్మిని లైవులో ఏం పూస్తావని అడిగితే నవ్వింది గాని చెప్పలే, యాడ చెప్తాదిలే, నేనే అంగట్లో ఏదో అడిగి తెచ్చుకుంటి, రెండు దినాల్నుంచి మంట. ఆ ప్రశ్న కళావతికి గుర్తుంది, ఆ నవ్వూ గుర్తుంది.

చెప్పాలి, చెబితే ఫిల్టరు పోతుంది, ఫిల్టరు పోతే లైవులో కుర్చీ పోతుంది, శివశంకర్ వాళ్లన్న కూతురు భారతి పుట్టుకతోనే తెల్లన, ఎప్పుడు కూర్చోమంటారా అని చూస్తోంది, చెప్పకపోతే నాయన ఉన్న కళ్లను లేవనుకుని బతుకుతాడు, చెప్పాలి, రేపు చెబితే, ఈ ఒక్క సాయంత్రం లైవు అయ్యాక చెబితే, దేవతలా ఉండావక్కా, ఇంకొక్కసారి, ఛీ, చేతిలో ఫోను మోగింది, శివశంకర్, ఏమమ్మీ, రంగు తేడానేనా, మీ నాయనకు మానుకోమని చెప్పేద్దునా, కళావతి ఫోను చెవికి ఆనించి చెప్పేసింది, అన్నా, నాయన రంగు తప్పలేదు, ఫోన్లో నా మొగము తెల్లగ చేస్తిమి, దాంతోపాటు చీర గూడ తెల్లబడింది, సగం నువ్వు, సగం నేను, అది తీసేసి చీరను పట్టి చూడు, నీకే తెలుస్తాది, దానికి అతను, తీసేస్తే నిన్నెవరు చూస్తారమ్మీ, సరేలే, మీ నాయన్ను ఉండనీ, భారతిని కూచోబెడతా, నువ్వు ఎనకనుంచి మాట్లాడు, అంతే, ఊహించినదే, గుండె మీద పడబోయే దెబ్బ కోసం కళావతి కాచుకుంది, ధర్మవరం సిగ్నలు దగ్గర రైలు నెమ్మదించింది, దెబ్బ మాత్రం రాలేదు, ఎందుకు రాలేదని వెతుక్కుంటే తెలిసింది, ఆ కుర్చీలోంచి ఇప్పుడు లేచి వెళ్లినది తాను కాదు, తెర మీది ఆ ఎర్రపాప, గడపలో సావిత్రమ్మకూ, ఎదుట కూర్చున్న ఈ పిల్లలకూ ఎంత వెతికినా కనబడనిది, ఎక్కడా పుట్టనిది, ఎండ తగలనిది, హిందూపురం నుంచి ఇక్కడిదాకా తాను ఒకవైపు నాయనను ఉంచి, రెండో వైపు ఎవరినో ఉంచి తూచుతూ వచ్చింది, ఆ రెండో వైపు ఎవరూ లేరు.