కార్డుకు పెట్టిన గ్రీజు

బొల్లారం రసాయనాల కంపెనీలో ఫిట్టరుగా రిటైరయ్యాక, పటాన్‌చెరులో మా ఇంటి ముందుగదిలో నాలుగు కంప్యూటర్లు పెట్టి గేముల షాపు తెరిచాను. నాకు కంప్యూటర్ రాదు, మోటార్లు వచ్చు. రెండూ కరెంటుతో నడిచేవే కదా అనుకున్నాను.

రెండువేల ఆరులో కొత్త కారు పందెం గేము వచ్చింది. మా కంప్యూటర్ డబ్బాల్లో వేస్తే కారు కదలదు. రోజూ షిఫ్టుకు ముందు వచ్చి ఆడిపోయే యాదన్న మౌసు వదిలేశాడు.

“కాకా, ఇది కారా, ఎడ్లబండా? చౌరస్తా కాడ కొత్త షాపుల మస్తు ఉరుకుతున్నది. ఇగ గాడికే పోతం.”

అతనితోపాటు మిగతావాళ్లూ పోయారు. మా ఆవిడ కౌసల్యమ్మ ఖాళీ కుర్చీలు చూసింది.

“గీ నెలల మనుషులు రాకుంటె ఇవన్ని అమ్మి పిండి గిర్ని వెడ్త, చెప్తున్న.”

కంప్యూటర్లు బాగుచేసే బాలప్పను పిలిచాను. బొమ్మను తెర మీదికి తెచ్చే గ్రాఫిక్స్ కార్డు పాతదైపోయిందన్నాడు.

“మార్చాల్నా?”

“ఇప్పుడే ఎందుకు కాకా! కొత్త మోడల్ వస్తున్నది. అది రాంగనే ఇప్పటి మోడల్ రేటు పడుతది. జెర ఆగు.”

ఆగడమంటే నాకు ప్రాణం. ప్రమోషను కోసం రిటైరయ్యేదాకా ఆగినవాణ్ణి. కొత్త మోడల్ వచ్చింది. కొనబోతే, దానికంటే కొత్తది వస్తోందన్నాడు. మళ్లీ ఆగాను. నా అంత తెలివైన బేరగాడు జిల్లాలో లేడనిపించింది. ఏదీ కొనలేదు కనుక ఎక్కడా మోసపోలేదు.

ఈలోగా ఒక డబ్బాలో కార్డు మీది చిన్న ఫ్యాను కీచుమనసాగింది. నా మొహం వెలిగింది. కార్డు సంగతి తెలియదు గానీ ఫ్యాను నా శాఖ. కంపెనీలో ఏది అరిచినా గ్రీజే మందు. వేలితో నిండా కుక్కి స్విచ్ వేశాను. అరుపు ఆగింది. ఫ్యానూ ఆగింది. కాసేపటికి పొగ.

వాసన గల్లీ అంతా పాకింది. పక్కింటి సంగమ్మ టపటపా కిటికీలు మూసింది.

“కంపెనోళ్లు మళ్ల గ్యాస్ ఇడిసిండ్రు! పట్టపగలే!”

మా గల్లీలో ఏ వాసన వచ్చినా ముందు అదే మాట. అందరూ ముక్కులు మూసుకుని బయటికొచ్చారు. కంపెనీ గేటు మీదికి పోదామని మా గల్లీ నర్సన్న తన ఆటో తెచ్చాడు. నేను గ్రీజు వేలు వెనక దాచుకుని గుమ్మంలో నిలబడ్డాను. మాట్లాడకపోవడం నాకు అలవాటే. నర్సన్న ముందుసీటు చూపించకపోతే ఆ రోజూ గడిచిపోయేది.

“రా కాకా! నువ్వు కంపెనీల చేసినోనివి. గిది ఏం గ్యాసో మేనేజరుకు నువ్వే చెప్పాలె.”

“గ్రీజు,” అన్నాను.

“గ్రీజు గ్యాసా?”

“కాదు. నాదే.”

లోపలికి తీసుకెళ్లి మాడిన కార్డు చూపించాను. నర్సన్న గోడ పట్టుకుని నవ్వాడు.

“వదినె, మీ ఆయన ఒక్కడే కంపెనీ అంత పని జేసిండు!” అంది సంగమ్మ.

కౌసల్యమ్మ మాత్రం నవ్వలేదు.

“గిర్నికైతె నీ గ్రీజు పనికొస్తుండె.”

ఆ మాట నిజమే. అందుకే గుచ్చుకుంది. ఆ పూటే బాలప్పను వెంటబెట్టుకుని కార్డుల దుకాణానికి వెళ్లాను.

“కాకా, వచ్చే నెలల...” అన్నాడు బాలప్ప.

“ఇప్పుడే కట్టియ్యమను.”

మర్నాడు యాదన్న వచ్చాడు. ఆడడానికి కాదు, మాడిన కార్డును చూసిపోవడానికి. కొత్త కార్డున్న డబ్బాలో కారు రయ్యిమని పోతుంటే అక్కడే ఆగిపోయాడు.

“దీనికి గూడ గ్రీజు వెట్టినవా కాకా?”

“లేదు.”

“ఐతె ఆడుత,” అని కుర్చీ లాక్కున్నాడు.